డాబా గార్డెన్స్ రికార్డుల కొట్టు: నెప్ట్యూన్ చివరిదాకా వినిపించి అమ్మాడు

విశాఖపట్నం డాబా గార్డెన్స్ సందులో పాత ఎల్పీలు, అంటే ముల్లు పెట్టి వినే పెద్ద రికార్డులు అమ్మే కొట్టొకటి ఉంది. బోర్డు లేదు, మేడమెట్ల కింద గది. బండి పెట్టడానికి చోటుండదు, అదొక తలనొప్పి. పోయిన శనివారం అక్కడ ఇంగ్లీషు స్వరకర్త గుస్తావ్ హోల్స్ట్ ‘ది ప్లానెట్స్’ కొన్నాను, గ్రహానికొక ముక్క చొప్పున ఆర్కెస్ట్రాకి రాసింది. 900 చెప్పాడు, 750కి ఇచ్చాడు.

నేను ఎంవీపీ కాలనీలో పిల్లలకి మృదంగం చెప్తాను. ఇంగ్లీషు సంగీతం నాకంతగా తెలీదు. కొట్టాయన ముల్లు పెట్టాడు, మొదట వచ్చేది అంగారకుడు. కాసేపటికి నా చెయ్యి దానంతటదే తొడ మీద పడింది. తకిట, తోం, తోం, తక, తోం. ఐదు! మన తాళాల్లో ఐదు లెక్కల ఖండ గతే. వయొలిన్లవాళ్ల చేత కమాను కర్రతో తీగల మీద కొట్టిస్తాడట, అందుకే ఎముకలు రాసుకున్నట్టు ఆ టకటక. అదే కుజుడి మీద ముత్తుస్వామి దీక్షితులవారు ‘అంగారకమాశ్రయామ్యహం’ సురటి రాగంలో కట్టారు, ఎంత చల్లగా ఉంటుందో. ఆ నవగ్రహ కృతుల రికార్డు ఉందా అంటే వచ్చే నెల రమ్మన్నాడు. కిందటి నెలా అదే మాట.

హోల్స్ట్ కూడా జ్యోతిషం పట్టుకునే ఇది రాశాడు, టెలిస్కోపు పట్టుకుని కాదు. 1914లో మొదలెట్టి 1917కి పూర్తిచేశాడు. ఏడు గ్రహాలే. భూమి లేదు. ప్లూటో అసలు దొరికిందే 1930లో. మనిషి సంస్కృతం నేర్చుకుని ఋగ్వేద సూక్తాలకి కూడా బాణీలు కట్టాడు, ఆ రికార్డు ఎక్కడైనా దొరికితే చెప్పండి.

అసలు పరీక్ష ఆఖరిదైన నెప్ట్యూన్ దగ్గర. ఆడవాళ్ల బృందం పక్కగదిలో కనబడకుండా పాడుతుంటే, మధ్య తలుపు మెల్లగా మూసేస్తారు. గొంతులు అలా పల్చబడి పోతాయి. ఎల్పీలో ఆ ముక్క చక్రానికి లోపలి అంచున పడుతుంది, ముల్లు కింద గాడి నెమ్మదిగా కదిలే చోటు, నాణ్యత తగ్గేదీ అక్కడే. పైగా మన సముద్రపు గాలికి బూజు. మొదట తీసిన కాపీలో పాట పోయి పేలాలు వేగిన చప్పుడే మిగిలింది. ఆయనేమీ అనుకోకుండా రెండోది తీశాడు, ఫ్యాను కట్టేశాడు. చెమటలు కారుతున్నాయి. బయట ఆటో ఒకటి ఆగింది, ఆగి వెళ్లింది.

“ఏటి మాస్టారూ, అయిపోయిందా, ఇంకా ఉందా?”

నాకూ తెలియలేదు. ఇద్దరం ముల్లు వైపే చూస్తూ కూర్చున్నాం.

వాయేజర్ అంతరిక్ష నౌకల్లో 1977లో పంపిన రికార్డు గుర్తొచ్చింది. రాగి పళ్లెం, బంగారు పూత, అందులో హిందుస్తానీ గాయని కేసర్‌బాయి పాడిన భైరవి రాగం, తెలుగులో ఒక పలకరింపు కూడా. వాటికేం, అక్కడ బూజు పట్టదు.

వెళ్లేవాళ్లు ఫోను లైటు వేసి రికార్డుని వాలుగా పట్టి చూసుకోండి. కవర్లని నమ్మొద్దు, లోపల వేరేది ఉంటుంది అప్పుడప్పుడూ. ఎంతసేపైనా వినిపిస్తాడు, విసుక్కోడు. ఆ బూజు కాపీ ఇంకా అక్కడే ఉంది, 300కి ఇస్తానన్నాడు. అంగారకుడు ఒక్కటే చాలనుకునేవాళ్లు తెచ్చుకోవచ్చు, ఆ మోతలో ఈ చిటపటలు వినబడవు.