దిండిలో బస, అంతర్వేదిలో ఆకాశం

ఈసారి కోనసీమకు వెళ్లింది ఒక చుక్క కోసం. దాని పేరు 51 పెగాసి. పూర్వాభాద్ర జంట నక్షత్రాల నడుమ, కాస్త పడమరగా ఉంటుంది. సూర్యుడి లాంటి మరో నక్షత్రం చుట్టూ ఒక గ్రహం తిరుగుతోందని మొదటిసారి తేలింది దాని దగ్గరే, 1995లో. కనిపెట్టిన స్విస్ శాస్త్రజ్ఞులు మిషెల్ మేయర్, డిడియే కెలోజ్‌లకు 2019లో నోబెల్ వచ్చింది. కార్తీక అమావాస్య ప్రాంతంలో రాత్రి ఏడింటికి ఆ చుక్క దాదాపు నడినెత్తిన ఉంటుంది.

ముందు దిండిలో, వసిష్ఠ గోదావరి ఒడ్డున ఒక రిసార్ట్‌లో దిగాం. గది శుభ్రం, చేపల పులుసు అద్భుతం. కానీ తెల్లవార్లూ ఫ్లడ్ లైట్లు. కాసేపు ఆర్పమంటే కుదరదన్నారు. పెద్దవాళ్లతో, పిల్లలతో వెళ్లేవాళ్లకు నేను దిండే చెబుతాను. చుక్కలు చూడాలంటే మాత్రం అంతర్వేదే.

అంతర్వేదిలో మాకు దొరికిన గది సాదాసీదాది. దుప్పటి, దోమల బత్తి వెంట ఉండాల్సిందే. పోలి పాడ్యమికి స్నానాలకు జనం వస్తారు కాబట్టి గది ముందే మాట్లాడుకోవాలి. చీకటి పడ్డాక లైట్‌హౌస్‌కి వీపు పెట్టి ఇసుకలో కూర్చున్నాం. మామూలు బైనాక్యులర్స్‌తోనే చుక్క దొరికింది. గ్రహం కనబడదు, ఆ చుక్క వెలుగు మనల్ని చేరడానికే యాభై ఏళ్లు పడుతుంది. అయినా అది అక్కడ ఉందని తెలిసి చూస్తుంటే ఒళ్లు జలదరించింది.

మాకు తోడొచ్చిన లాడ్జి పెద్దాయన అడిగారు: "గ్యాస్ గ్రహం అంటున్నారు, మన పాశర్లపూడి గ్యాసేనాండీ?" పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ గ్యాస్ బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండిందీ ఆ 1995లోనే. మన దగ్గర దొరికేది ఎక్కువగా మీథేన్. అక్కడున్నది ప్రధానంగా హైడ్రోజన్, హీలియం. కాలు పెట్టడానికి నేలంటూ ఉండదు. లోపలికి దిగేకొద్దీ ఒత్తిడి, వేడి పెరుగుతూ పోతాయి. నక్షత్రానికి ఎంత దగ్గరంటే, నాలుగు రోజుల చిల్లరలో ఒక చుట్టు పూర్తవుతుంది. అంటే అక్కడ ఏడాది అంతే. వేడి వెయ్యి డిగ్రీల దరిదాపుల్లో ఉంటుందని అంచనా. ఎప్పుడూ ఒకే ముఖం నక్షత్రం వైపు ఉండి, రెండోవైపు తెల్లారదనే శాస్త్రజ్ఞులు అనుకుంటున్నారు.

ఆయన 1996 నవంబరు తుఫానులో కొబ్బరి తోట పోగొట్టుకున్న మనిషి. అందుకే గాలి ఎలా ఉంటుందని గుచ్చి గుచ్చి అడిగారు. అలాంటిదే మరో గ్రహం, హెచ్‌డీ 189733బి గురించి చెప్పాను. అక్కడ గాలి గంటకు సుమారు 8,700 కిలోమీటర్లు. మబ్బుల్లో ఇసుకలో ఉండే సిలికేట్ రేణువులు ఉండొచ్చంటారు. అవి గాజులా మారితే ఆ వాన పైనుంచి పడదు, అడ్డంగా దూసుకొస్తుంది. పెద్దాయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత బైనాక్యులర్స్ ఇమ్మని తనే అడిగి తీసుకున్నారు.

తిరుగు ప్రయాణంలో సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం చేరాం. ఆఖరి పంటు ఎన్నింటికో పగలే కనుక్కోండి. అది తప్పితే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాలి.