వంద మీటర్ల లైనుకి 10 ఎస్‌క్యూఎంఎం అల్యూమినియం ఆర్మర్డ్ కేబుల్, అయిదారేళ్లు వాడాక

భీమిలి వైపు మాకు చిన్న జీడితోట ఉంది, మీటరు రోడ్డు పక్కన, బోరు తోట ఆ చివర, మధ్యలో వంద మీటర్లు. మోటారు 1.5 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ సబ్‌మెర్సిబుల్. దానికి టూ కోర్ (లోపల రెండు తీగలు) 10 ఎస్‌క్యూఎంఎం (తీగ కోత వైశాల్యం, చదరపు మిల్లీమీటర్లలో) అల్యూమినియం ఆర్మర్డ్ (పైన ఇనప తొడుగు ఉన్న) కేబుల్ భూమిలో వేయించాం. కేబుల్ బంగారం, కానీ రెండు చివర్లూ మాత్రం బాగా సేవ చేయించుకుంటాయి.

ఎలక్ట్రీషియన్ మొదట "ఏటండీ బాబూ, రెండున్నర కాపర్ సరిపోద్ది కదా, ఇరవై యాంప్స్ లాగేస్తాది, మీ మోటారు తినేది పదేగా" అన్నాడు. నిజమే, ఆ వైరు కాలిపోదు. అయితే ఇంత దూరానికి చూడాల్సింది యాంప్స్ చార్ట్ కాదు, వోల్టేజి ఎంత పడుతుందో చూడాలి. 2.5 కాపర్‌కి కిలోమీటరుకి 8 ఓమ్‌ల దాకా ఉంటుంది, వంద మీటర్లంటే ఫేజు పోవడం న్యూట్రల్ రావడం కలిపి 200 మీటర్లు (చాలామంది సగమే లెక్కేస్తారు), అంటే 1.6 ఓమ్‌లు, పది యాంప్స్‌కి 16 వోల్టులు దారిలోనే పోయాయి, మోటారు తిరిగినంతసేపూ 160 వాట్లు మట్టిని వేడి చేయడానికే. స్టార్టింగ్‌లో ఇంకా దారుణం, కరెంటు నాలుగు రెట్లు లాగిందనుకున్నా 60 వోల్టుల పైనే పడుతుంది, టార్క్ (మోటారు తిప్పే బలం) వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి బలం దగ్గర దగ్గర సగానికి వచ్చేస్తుంది. పక్క తోటలో సరిగ్గా ఇదే, తాటిచెట్లకి కట్టిన రెండున్నర వైరు, సాయంత్రం లైన్లో వోల్టేజి తగ్గితే మోటారు గుయ్యిమంటుంది గానీ తిరగదు, కెపాసిటర్లు ఉబ్బిపోతుంటాయి.

10 అల్యూమినియం దాదాపు 6 కాపర్‌తో సమానం, రెండూ కిలోమీటరుకి 3.08 ఓమ్‌లు. మాకు మీటరు దగ్గర 225 ఉంటే మోటారు నడుస్తుండగా స్టార్టర్ డబ్బా మీద ముల్లు 219 చూపిస్తుంది, లెక్కకి అంతే రావాలి కూడా. బోర్లోకి దిగే ఫ్లాట్ కేబుల్ కూడా కలపడం మర్చిపోకండి, మాది 200 అడుగులు, 4 ఎస్‌క్యూఎంఎం కాపర్, అక్కడింకో 6 వోల్టులు. మొత్తం 5 శాతం దగ్గర ఆగింది, మోటారుకి అంతకి మించి పడనివ్వకూడదు.

కాపర్ ఆర్మర్డ్ రేటు విన్నాక అల్యూమినియం వైపు మొగ్గాను, ఇంకో కారణం ఏంటంటే ఇళ్లకి వాడే వైరు కాయిల్ మామూలుగా 90 మీటర్లే వస్తుంది, వంద మీటర్లకి భూమిలో జాయింటు తప్పదు, ఆర్మర్డ్ అయితే డ్రమ్ము నుంచి కావలసినంత ఒకే ముక్క కోసిస్తారు. 2014 హుద్‌హుద్ తుఫాను చూసినవాళ్లం కాబట్టి పైన వేలాడదీసే ఆలోచనే పెట్టుకోలేదు. రెండున్నర అడుగుల గొయ్యి, అడుగున ఇసక, కేబుల్, మళ్లీ ఇసక, పైన ఇటుకలు. పందికొక్కులు పక్కనే బొరియ తవ్వాయి గానీ ఇనప తొడుగు జోలికి రాలేకపోయాయి.

ఇక విసిగించేది చివర్లు. సముద్రపు గాలికి గ్లాండ్ (కేబుల్ డబ్బాలోకి వెళ్లేచోట పట్టి ఉంచే బిగింపు) దగ్గర ఆర్మర్ తుప్పు పడుతుంది, అల్యూమినియం తీసుకెళ్లి నేరుగా ఇత్తడి టెర్మినల్‌కి బిగిస్తే తెల్లటి పొడి పట్టి, లూజై, వేడెక్కుతుంది. బైమెటాలిక్ లగ్గు (ఒకవైపు అల్యూమినియం, ఇంకోవైపు కాపర్ ఉండే కొస ముక్క), లోపల జాయింటింగ్ పేస్టు, సరైన క్రింపింగ్ టూల్, ఈ మూడూ ఉండాల్సిందే, సుత్తితో కొట్టి నొక్కే ఎలక్ట్రీషియన్‌ని అక్కడే ఆపండి. నేను వానలకి ముందోసారి, అయ్యాక ఓసారి మెయిన్ ఆఫ్ చేయించి బిగింపులు చూపిస్తాను, ప్రతిసారీ స్క్రూ కాస్త తిరుగుతుంది. ఎర్తింగ్‌కి ఆర్మర్ ఒక్కదాన్నే నమ్మకుండా 8 గేజ్ జీఐ (జింకు పూసిన ఇనప) తీగ కూడా పక్కనే లాగించాం, ఖర్చు పెద్దగా లేదు.

షాపులో ఇంకా "సెవెన్ ట్వంటీ ఇవ్వు" అని పాత లెక్కలో (20 గేజ్ పోగులు ఏడు) అడిగేవాళ్లు కనిపిస్తారు, అది 4.6 ఎస్‌క్యూఎంఎం లెక్క, కాపరే అయితే వంద మీటర్లకి 9 వోల్టుల దాకా పడుతుంది, ఒక హెచ్‌పీకైతే నెట్టుకురావచ్చు. కాపర్ పూసిన అల్యూమినియం తీగని కాపర్ అని అంటగట్టేవాళ్లూ ఉన్నారు, చివర కోసి బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. మీ దూరం 30 మీటర్ల లోపైతే మాత్రం ఇవేవీ అక్కర్లేదు, ఆ ఎలక్ట్రీషియన్ చెప్పిన రెండున్నర కాపరే వేసేయండి.