పదకొండేళ్లు గోడ మీదున్న కిన్‌కేడ్ కాన్వాస్‌కి ధర కట్టిస్తే

న్యూజెర్సీలో గృహప్రవేశం అయిన నెలకే ఈ బొమ్మ కొన్నాం. అమెరికన్ చిత్రకారుడు థామస్ కిన్‌కేడ్ గీసినదానికి లిమిటెడ్ ఎడిషన్ (ఇన్నే అని లెక్కకట్టి అచ్చేసిన) కాన్వాస్ ప్రింటు: వాగు గట్టున రాతి ఇల్లు, కిటికీల్లో పసుప్పచ్చటి వెలుగు. 18 బై 27 అంగుళాలు, బంగారు రంగు ఫ్రేము, మూలన ఆ లెక్కలో ఇది ఎన్నోదో చెప్పే నంబరు. సెకండ్‌హ్యాండ్‌లోనే 850 డాలర్లు. ఆర్టిస్టు 2012లో పోయాడు, ఇక రేటు పెరగడమే తప్ప తగ్గడం ఉండదని అమ్మినాయన ఊదరగొట్టాడు. నమ్మాను.

బొమ్మకి మాత్రం వంక పెట్టలేను. ఎండ నేరుగా పడని గోడ కాబట్టేమో, రంగు వెలిసినట్టు లేదు. రెండో వేసవికి ఒక మూల కాన్వాస్ వదులైంది. వెనక చట్రం మూలల్లో చిన్న చెక్క చీలలుంటాయి, వాటిని మెల్లగా తట్టితే బిగుసుకుంది. మా అమ్మ వచ్చినప్పుడు దుమ్ము పట్టిందని తడిగుడ్డ తీసుకెళ్తుంటే పరిగెత్తి ఆపాను. మెత్తటి పొడి బ్రష్ చాలు దీనికి. సాయంత్రం లైటు బాగా తగ్గించి చూడండి, ఆ కిటికీల్లో నిజంగానే దీపం పెట్టినట్టుంటుంది.

మొన్న ఇన్సూరెన్స్ కోసం అప్రైజర్‌ని, అంటే ధర కట్టే ఆవిణ్ని, పిలిచాం. ఆవిడ టార్చి ఏటవాలుగా వేసి, భూతద్దంతో కిటికీ దగ్గర చూపించింది. చుట్టూ అచ్చు చుక్కలు, వాటి మీద ఉబ్బెత్తుగా ఒక రంగు ముద్ద. చేత్తో పెట్టిందే, కానీ కిన్‌కేడ్ చెయ్యి అనుకోవద్దంది. ఈ ప్రింట్లు దిద్దడానికి శిక్షణ ఇచ్చిన మనుషులుండేవారట. బొమ్మ అసలుదేనని చెప్పే సర్టిఫికెట్ మీది నంబరు, కాన్వాస్ మీది నంబరు ఒకటేనా అని రెండుసార్లు చూసుకుంది.

అసలు దెబ్బ ఆ నంబరు దగ్గరే. నాది మామూలు నంబర్ల ఎడిషన్. ఇదే బొమ్మకి ఆర్టిస్ట్ ప్రూఫ్‌లని, గ్యాలరీ ప్రూఫ్‌లని వేరే ఎడిషన్లున్నాయి, మళ్లీ సైజుకో లెక్క. నా బొమ్మ మూలనున్న నంబరు లెక్క నా ఒక్క ఎడిషన్‌కే హద్దు, మిగతావాటికి కాదు. అన్నీ కలిపితే ఎన్ని ఇళ్లలో ఈ వాగు పారుతోందో!

కాగితం మీద రెండు అంకెలు వచ్చాయి. కొత్తగా కొనాలంటే పట్టే ఖర్చు, అంటే ఇన్సూరెన్స్ విలువ, 900. ఇవాళ అమ్మితే వచ్చేది 200 దాకా. ఈబేలో వెయ్యికి పైగా పెట్టిన లిస్టింగులు చూసి నేను మురిసిపోయేవాణ్ని. ఆవిడ నిజంగా అమ్ముడైనవాటినే చూపించే 'సోల్డ్' ఫిల్టర్ నొక్కమంది. నొక్కాక నోరు పెగల్లేదు.

ధర కట్టేవాళ్లు గంటకింత అనో, పనికింత అనో ఫీజు చెప్పాలి. విలువలో పర్సెంటేజీ అడిగితే వద్దనండి, ఇక్కడి అప్రైజర్ల నియమావళి యూస్‌పాప్ ప్రకారం అది కుదరదు. నాకు పడింది 180. అంటే బొమ్మ అమ్మితే ఆవిడ ఫీజు పోను ఇరవై మిగులుతుంది. మళ్లీ అదే మేకుకి తగిలించేశాను, సర్టిఫికెట్ మాత్రం ఇంటి కాగితాల ఫైల్లోకి చేరింది.