ఏజెంటు చేతిలో పైడాక్: ఏడాది పైబడిన వాడకం తర్వాత

పలాస-కాశీబుగ్గలో జీడి మిల్లులకు స్టాకు, కూలీ లెక్కల ప్రోగ్రాములు రాసిపెడుతుంటాను. ఈమధ్య కోడ్‌లో ఎక్కువ భాగం ఏఐ ఏజెంటే రాస్తోంది. లైబ్రరీల (ఇతరులు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) వివరాలు చూసుకోడానికి దానికి నేనిచ్చిన పనిముట్టు పైడాక్. 2001లో పైథాన్ ప్రోగ్రామింగ్ భాష 2.1 వెర్షన్‌తో వచ్చిన పాత సరుకు ఇది. వేరే ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు, నెట్ కూడా అక్కర్లేదు. కాస్త గట్టిగా గాలేస్తే నెట్ పోయే మా వైపు ఇది పెద్ద సుఖమే.

నాకు నచ్చింది మాత్రం ఇంకోటి. పట్టికల లెక్కలకు వాడే పాండాస్ లైబ్రరీలో డేటాఫ్రేమ్‌కి (అంటే పట్టికకి) ఉన్న, వరుసలు చేర్చే అపెండ్‌ను 2023 ఏప్రిల్‌లో వచ్చిన 2.0 వెర్షన్‌లో తీసేశారు, కాన్‌క్యాట్ వాడుకోమన్నారు. అయినా రోజువారీ గ్రేడింగ్ షీట్లు కలపమంటే నా ఏజెంటు అలవాటుగా అపెండ్ రాసేసేది. పైడాక్ ఆ కంప్యూటర్లో ఉన్న లైబ్రరీనే తెరిచి చెబుతుంది కాబట్టి వెర్షన్ తేడా రాదు. అంతకుముందు వాడిన ఒక ఆన్‌లైన్ సర్వీసు ఎప్పుడూ కొత్త వెర్షన్ పేజీలే తెచ్చిచ్చేది. మిల్లు ఆఫీసులోని కంప్యూటర్లో ఉండేది పాతది. ఇక ఆ రెండింటికీ పొత్తెలా కుదురుతుంది?

పైడాక్‌ను ఎంసీపీ (ఏజెంట్లకు పనిముట్లు అందించే ఒక ప్రామాణిక పద్ధతి) టూల్‌గా చుట్టి ఇస్తే ఏజెంటుకు కనబడేది టూల్ పేరు, దాని వివరణ, ఇవ్వాల్సిన ఇన్‌పుట్ల వివరాలు, అంతే. ఆ వివరణలో ‘పైథాన్ డాక్యుమెంటేషన్ చూపిస్తుంది’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే ఏజెంటు దాని జోలికే పోదు. ఎర్రర్ వచ్చినప్పుడు మాత్రం పరుగెత్తుకెళ్లి చూస్తుంది. ఎర్రర్ రాని తప్పులే కదా కొంప ముంచేవి!

ఒక మిల్లు గుమస్తా ఫోన్ చేశాడు: “ఏటి బాబూ, నిన్న తీసిన 320 గుండు షీట్లో అవుపడదేటి?” (320 అంటే గుండు జీడిపప్పులో ఒక గ్రేడు.) గ్రేడింగ్ షీటునీ రేట్ల షీటునీ ఏజెంటు మెర్జ్‌తో కలిపింది. మెర్జ్ మనం ఏమీ చెప్పకపోతే ‘ఇన్నర్’ పద్ధతి పట్టుకుంటుంది, అంటే రెండు షీట్లలోనూ ఉన్న వరుసలే మిగులుతాయి. ఆ రోజు 320కి రేటు ఇంకా వేయలేదు. ఆ వరుసలన్నీ చప్పుడు లేకుండా రాలిపోయాయి. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, టోటల్ మాత్రం తక్కువ. పైడాక్‌లో మెర్జ్ పేరు కొడితే పైనున్న సిగ్నేచర్లోనే (ఫంక్షన్ పేరూ, అది తీసుకునే ఇన్‌పుట్లూ ఉండే లైను) ఆ ‘ఇన్నర్’ కనబడుతుంది. చూడాలని ఎవరూ చెప్పలేదు కాబట్టి ఏజెంటు చూడలేదు.

అందుకే ఇప్పుడు నా వివరణ ‘ఎప్పుడు’ అన్నదానితో మొదలవుతుంది: వరుసలను కలిపే, తీసేసే, గ్రూపు చేసే ఫంక్షన్ ఏది రాయబోతున్నా ముందు సిగ్నేచర్ చూసి డిఫాల్టులు (మనం ఏమీ చెప్పకపోతే అది పట్టుకునే విలువలు) చదువు. దాని తర్వాతే ‘ఎలా’. పూర్తి పేరు ఇవ్వాలి, అంటే పాండాస్ చుక్క డేటాఫ్రేమ్ చుక్క మెర్జ్. వట్టి డేటాఫ్రేమ్ అంటే వేల లైన్లు వచ్చి పడతాయి, ఏజెంటు కాంటెక్స్ట్ (అది ఒకేసారి గుర్తుంచుకోగల జాగా) వాటితోనే నిండిపోతుంది. కీవర్డ్ వెతుకులాట వద్దని కూడా రాశాను. అది మాడ్యూళ్ల ఒక్క లైను పరిచయాల్లోనే వెతుకుతుంది, ఫంక్షన్ పేర్లు దానికి పట్టవు. ఏజెంటేమో అదేదో సెర్చ్ ఇంజన్ అనుకుని దాన్నే పట్టుకుని వేలాడేది.

అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది ‘డాక్యుమెంటేషన్ దొరకలేదు’ అన్న జవాబు గురించి రాసిన పేరా. దానికి రెండు అర్థాలున్నాయి. ఆ పేరు ఈ వెర్షన్‌లో లేకపోవచ్చు, లేదా వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఒక ప్రాజెక్టుకు విడిగా లైబ్రరీలు పెట్టుకునే చోటు) ఆన్ చేయక అసలు లైబ్రరీయే కనబడకపోవచ్చు. రెండింటికీ పైడాక్ ఒకే మాట చెబుతుంది. ఈ తేడా తెలియని ఏజెంటు పాండాస్‌లో కాన్‌క్యాటే లేదని తీర్మానించి, షీట్లు కలపడానికి సొంతంగా ఒక లూప్ రాసి కూర్చుంది. ఇప్పుడు ముందు వట్టి పాండాస్ అని అడిగి, అది వస్తేనే లోపలి పేరు అడగాలి.

టెన్షన్ పెట్టే గుణం ఒకటుంది. వివరాలు చెప్పడానికి పైడాక్ ఆ మాడ్యూల్‌ను (పైథాన్ కోడ్ ఫైలును) ఇంపోర్ట్ చేస్తుంది, అంటే అందులో ఏ ఫంక్షన్ లోపలా లేకుండా నేరుగా రాసి ఉన్న కోడంతా నడిచిపోతుంది. ఒక మిల్లులో ఎవరో ఎప్పుడో రాసి వదిలేసిన బిల్లుల స్క్రిప్టుంది. అందులో ఏముందో తెలుసుకుందామని ఏజెంటు పైడాక్ కొట్టింది. అవతలి గదిలో ప్రింటర్ గరగరమని నిన్నటి బిల్లులన్నీ మళ్లీ కొట్టి పోసింది. లైబ్రరీలకు పైడాక్, మన సొంత ఫైళ్లకు నేరుగా సోర్స్ చదవడం అని ఆ రోజే వివరణలో చేర్చాను. పేజర్ (పొడుగు జవాబును పేజీ పేజీగా చూపే ప్రోగ్రాము) సంగతి చిన్నదే: ఏజెంటు టెర్మినల్లో నడిపితే పేజర్ తెరుచుకుని, ఎవరో కీ నొక్కుతారని అలాగే ఆగిపోతుంది. పేజర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి (సిస్టమ్ సెట్టింగుకి) క్యాట్ అని పెడితే, ఆగకుండా అంతా ఒకేసారి చూపిస్తుంది.

పైడాక్‌కు అందనివీ ఉన్నాయి. అమెజాన్ క్లౌడ్‌తో పనిచేయించే బోటో3 లైబ్రరీలో క్లయింట్ల మెథడ్‌లు (అంటే ఫంక్షన్లు) ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు తయారవుతాయి కాబట్టి బయటినుంచి పేరు కొడితే దొరకవు. మిల్లు లెక్కల బ్యాకప్ అమెజాన్ స్టోరేజీ అయిన ఎస్3లోకి పంపే కోడ్ రాసేటప్పుడు మాత్రం పైడాక్ జోలికి పోకుండా, ముందు వెర్షన్ నంబరు చూసుకుని ఆ వెర్షన్ ఆన్‌లైన్ పేజీ తెరవమని రాసిపెట్టాను.