జౌగడ రాయి దగ్గర అమ్మకి చదివి వినిపించాను: బరంపురం నుంచి శాలిహుండం దాకా మూడు రోజులు

మాది ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురం. పురుషోత్తంపూర్ వైపు లెక్కలేనన్ని సార్లు వెళ్లాను గానీ, దాని పక్కనే అశోకుడి శాసనాలు చెక్కిన రాయి ఉన్న జౌగడలో ఒక్కసారీ దిగలేదు. ఈ చలికాలంలో అమ్మే అడిగింది, "మోకాళ్లు పూర్తిగా మూలబడకముందే ఆ అశోకుడి రాయి చూపించవే" అని. కారు మాట్లాడుకుని జౌగడ, తప్తపాణి, చంద్రగిరి, పర్లాకిమిడి, శాలిహుండం చూసొచ్చాం. అమ్మకి 72 ఏళ్లు. ఇంట్లో పెద్దవాళ్లని తీసుకెళ్లాలనుకునేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

జౌగడ మా ఊరికి 35 కిలోమీటర్లు ఉంటుంది. ఋషికుల్య నది ఒడ్డు, చుట్టూ పొలాలు, వాటి మధ్య పాత మట్టికోట గట్లు. ఒడియాలో జౌ అంటే లక్క. లక్కతో కట్టిన కోట అని ఊళ్లోవాళ్లు చెప్పుకుంటారు. శాసనం ఉన్న రాతికి పైన కప్పు, చుట్టూ ఇనుప కటకటాలు. మొదట అక్షరాలు కనిపించలేదు, గరుకు రాయిలాగే ఉంది. కొంతభాగం పెచ్చులూడిపోయింది కూడా. పక్కనుంచి ఎండ పడేచోట నిలబడి చూస్తే అప్పుడు ఒక్కో వరుసా తేలింది. శాసనం చెక్కిన పాత లిపి బ్రాహ్మీలో 'క' అక్షరం అచ్చం కూడిక గుర్తులా ఉంటుందని అమ్మకి ముందే చెప్పాను. కళ్లజోడు సవరించుకుని తనే నాలుగు 'క'లు వెతికి పట్టుకుంది. ఇంకో సంగతి, శాసనం భాష ప్రాకృతం, ఇక్కడి ప్రాకృతంలో 'ర' బదులు 'ల' పలుకుతుంది. అశోకుడు తనని రాజా అనుకోడు, 'లాజా' అంటాడు. ఆ మాట విని అమ్మ ముఖం వెలిగిపోయింది.

అశోకుడి రాతి శాసనాల వరుసలో, కళింగ యుద్ధంలో లక్షమంది చనిపోయారని చెప్పే పదమూడోది ఈ రాతి మీద లేదు. భువనేశ్వర్ దగ్గరి ధౌలి రాతి మీదా లేదు. దాని బదులు ఈ రెండు చోట్లా కళింగ వాళ్ల కోసమే రెండు ప్రత్యేక శాసనాలు చెక్కించాడు. జౌగడలోవి సమాపా అనే ఊళ్లోని అధికారులకి రాసినవి. మనుషులందరూ నా బిడ్డలు, నా బిడ్డలకి ఇహంలో పరంలో ఏ సుఖం కోరతానో అందరికీ అదే కోరతాను అంటాడు. సరిహద్దుకి అవతల ఉన్నవాళ్లు నాకు భయపడకూడదు, నన్ను నమ్మాలి, నావల్ల వాళ్లకి సుఖమే తప్ప దుఃఖం ఉండకూడదు అంటాడు. దీన్ని తిష్య నక్షత్రం రోజున, అంటే మన పుష్యమి నాడు, పైకి చదివి వినిపించాలని, మధ్యలోనూ వీలైనప్పుడు వినేది ఒక్క మనిషైనా సరే వినిపించాలని ఆజ్ఞ.

ఒక్క మనిషికైనా వినిపించమని రాసిన రాయి దగ్గర, మేం వెళ్లిన రోజు వినిపించేవాళ్లు ఎవరూ లేరు. బోర్డు ఉంది, తెలుగు లేదు. ఇంటి దగ్గర రాసుకెళ్లిన కాగితం తీసి నేనే తెలుగులో చదివాను. కాపలా ఉన్న ఆయన దగ్గరికొచ్చి నిలబడితే ఒడియాలో మళ్లీ చెప్పాను. మేకలు తోలుకెళ్తున్న ఇద్దరు పిల్లలు కూడా ఆగారు. "ఇన్నాళ్లూ రోజూ చూస్తున్నా, ఇందులో ఇది ఉందని తెలీదు" అన్నాడాయన.

నీళ్లు వెంట తీసుకెళ్లండి, బాత్‌రూమ్ పని పురుషోత్తంపూర్‌లోనే చూసుకోండి. ఒడిశాలోనే ఇంకో బౌద్ధ క్షేత్రం లలితగిరిలో 2018 డిసెంబరులో ప్రారంభించిన మ్యూజియం చూశాను, ఎంత బాగా పెట్టారో. జౌగడకి అంత పెద్ద భవనం అక్కర్లేదు. చదివి చెప్పగల ఒక మనిషికి జీతం, ఒడియా పక్కన తెలుగులో అర్థం రాసిన ఒక బోర్డు, కూర్చోవడానికి నీడ ఉంటే చాలు. గంజాంలో ఇంతమంది తెలుగువాళ్లం ఉన్నాం కదా.

ఆ రాత్రి తప్తపాణిలో ఒడిశా టూరిజం వాళ్ల అతిథి గృహం పంథనివాస్‌లో దిగాం. వేడి ఊట నీళ్లతో స్నానం చేశాక అమ్మ మోకాళ్లకి హాయిగా ఉందంది. గది ముందే బుక్ చేసుకోండి.

మర్నాడు మోహన దాటి చంద్రగిరి. టిబెట్ నుంచి వచ్చినవాళ్లకి 1963లో ఇక్కడ చోటిచ్చారు. కొండవాలుల్లో మొక్కజొన్న వేసుకుని నిలదొక్కుకున్నారు. అక్కడి జీరంగలోని పద్మసంభవ మహావిహారం అనే బౌద్ధ మఠాన్ని 2010 జనవరిలో దలైలామా ప్రారంభించారు. చెప్పులు విప్పి లోపలికి వెళ్తే నేల చల్లగా, నెయ్యి దీపాల వాసన. ఒక చిన్న లామా మా వెంట తిరిగి హిందీలో ఒక్కో బొమ్మ పేరూ ఓపిగ్గా చెప్పాడు. బౌద్ధుల దేవత తార పేరు చెప్పగానే అమ్మ "మన తారమ్మేనా?" అంది. ఈ ప్రయాణంలో మమ్మల్ని బాగా చూసుకున్నది ఇక్కడే. బయట చిన్న కొట్లో వేడివేడి మోమోలు తిన్నాం. మధ్యాహ్నం ప్రార్థన టైమ్ కనుక్కుని వెళ్తే మంచిది.

పర్లాకిమిడి దాకా ఘాట్ రోడ్డు, నెమ్మదిగా వెళ్లాలి. అక్కడ దిగిన లాడ్జిలో మాత్రం ఇబ్బంది పడ్డాం. ఫోన్‌లో కింది గది అని ఒప్పుకుని, తీరా వెళ్లాక రెండో అంతస్తులో ఇచ్చారు, లిఫ్టు లేదు. అమ్మ రెయిలింగ్ పట్టుకుని మెట్టు మెట్టుకీ ఆగుతుంటే నాకు కోపం, ఏడుపు రెండూ వచ్చాయి. పెద్దవాళ్లతో వెళ్తే డబ్బు కట్టేముందు గది ఫోటో పంపించమని అడగండి.

మూడోరోజు పాతపట్నం మీదుగా శ్రీకాకుళం జిల్లాలోకి దిగి, కొండ మీద పాత బౌద్ధ కట్టడాలున్న శాలిహుండం చేరాం. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారే 1919లో ఈ కొండని వెలుగులోకి తెచ్చారు. కేంద్ర ప్రభుత్వ పర్యాటక పథకం స్వదేశ్ దర్శన్ కింద 2017-18లో ఆంధ్రాకి మంజూరైన బౌద్ధ సర్క్యూట్‌లో మొదటి పేరు దీనిదే. అమ్మ సగం దాకా ఎక్కి ఒక చెట్టుకింద కూర్చుండిపోయింది. నేను పైకెళ్లి ఇటుక స్తూపాలు, చైత్యాల (బౌద్ధ ప్రార్థన మందిరాల) పునాదులు చూశాను. కింద వంశధార మెరుస్తోంది. తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు దొరికింది ఈ కొండ మీదే. నిన్న చంద్రగిరిలో విన్న పేరు ఇక్కడ మళ్లీ ఎదురైంది. ఒక రాష్ట్రం బ్రోషర్‌లో జౌగడ, ఇంకో రాష్ట్రం బ్రోషర్‌లో శాలిహుండం ఎందుకు విడివిడిగా ఉండాలి? మూడు రోజుల్లో కలిపి చూపించే ఒక్క బస్సు వేస్తే మాలాంటివాళ్లు ఎంతమంది వస్తారో.

ఇంటికొచ్చాక అమ్మ ఆ కాగితం అడిగి తీసుకుంది. పంచాంగం తిప్పి పుష్యమి ఎప్పుడో చూసి, ఆ తేదీకి పెన్సిల్‌తో గీత గీసింది. ఈసారి పక్కింటి పిన్నిగార్ని కూడా తీసుకెళ్దాం, కాగితం తనే చదువుతానంది.