4కే డిస్క్ కంప్యూటర్‌లో చూడాలంటే: డ్రైవ్ ఫ్లాష్ చేయాలా, ప్లేయర్ కొనాలా?

"అన్నా, వచ్చే నెల బావ అమెరికా నుంచి వస్తున్నాడు. 4కే డిస్కులకి డ్రైవ్ తెప్పించుకోనా, ప్లేయర్ తెప్పించుకోనా?" బావ బదులు ఒక్కోసారి చెల్లెలు, ఒక్కోసారి స్నేహితుడు. మిగతాదంతా అదే ప్రశ్న. ప్రతిసారీ ఫోన్‌లో అరగంట చెప్పడం నా వల్ల కావడం లేదు, అందుకే రాసేస్తున్నా.

ముందుగా ఒక మంచి మాట. 4కే బ్లూరే డిస్కులకు రీజియన్ లాక్ లేదు. అమెరికాలో కొన్నది హైదరాబాద్‌లో ఆడుతుంది. కానీ అదే డబ్బాలో జతగా వచ్చే మామూలు బ్లూరేకి ఉండొచ్చు. వాళ్ల రీజియన్ ఏ, మనది సీ.

కంప్యూటర్‌లో బొమ్మ పడాలంటే రెండు దారులు. ఒకటి కంపెనీలు చెప్పిన రాజమార్గం, రెండోది డ్రైవ్‌ను లోపలి నుంచి నడిపే సాఫ్ట్‌వేర్, అంటే ఫర్మ్‌వేర్, మార్చే దారి. దీన్నే ఫ్లాష్ చేయడం అంటారు. రాజమార్గం సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా నిర్ణయం మొత్తం అక్కడే తేలిపోయింది.

2017లో 4కే డిస్కులు ఆడే డ్రైవులని అధికారికంగా చెప్పి పయనీర్ అమ్మడం మొదలుపెట్టింది. డ్రైవ్ ఒక్కటే ఉంటే సరిపోదు. ఇంటెల్ ఏడో తరం లేదా ఆ పై ప్రాసెసర్ ఉండాలి, అందులో ఎస్‌జీఎక్స్ అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, దాన్ని కంప్యూటర్ మూల సెట్టింగులుండే బయోస్‌లో ఆన్ చేయాలి. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు ఉన్నా లాభం లేదు, బొమ్మ ఇంటెల్ సొంత గ్రాఫిక్స్ నుంచే బయటికి రావాలి. మానిటర్‌కు హెచ్‌డీసీపీ 2.2 అనే కాపీ రక్షణ ఉండాలి. వీటన్నిటి మీద పవర్‌డీవీడీ అనే సాఫ్ట్‌వేర్ కొనాలి. ఏఎండీ ప్రాసెసర్ వాళ్లకు అసలు ప్రవేశమే లేదు. పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని షరతులు పెట్టరు.

సరే, అన్నీ సమకూర్చుకున్నారనుకుందాం. డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో పదకొండో తరం నుంచి ఇంటెల్ ఆ ఎస్‌జీఎక్స్‌నే తీసేసింది. మా స్నేహితుడొకడు డ్రైవ్ కొన్నాడు, సాఫ్ట్‌వేర్ కొన్నాడు, మానిటర్ మార్చాడు, అల్మారా నిండా డిస్కులు పేర్చాడు. పాత కంప్యూటర్ తీసేసి పన్నెండో తరం ప్రాసెసర్‌తో కొత్తది కట్టించుకున్న రోజు సాయంత్రం డిస్క్ పెడితే, మీ కంప్యూటర్‌కు ఆ అర్హత లేదని చెప్పింది. డబ్బులన్నీ కట్టిన మనిషి వాడు, దొంగతనం ఏమీ చేయలేదు. కొత్త కంప్యూటర్ కొనడమే వాడి తప్పయింది.

అందుకే నా దృష్టిలో అసలు తేల్చుకోవాల్సింది బొమ్మ నాణ్యత కాదు, ధర కూడా కాదు. ఇవాళ కొన్న డిస్క్ ఐదేళ్ల తర్వాత, మనం ఏ కంప్యూటర్ వాడుతున్నా, ఎవరి అనుమతీ లేకుండా ఆడుతుందా లేదా? అంతే.

ఇక ఫ్లాష్ చేయడం. చాలామంది ఫర్మ్‌వేర్ మారిస్తే డ్రైవ్‌కు కొత్త శక్తి వస్తుందనుకుంటారు. అదేం లేదు. 4కే డిస్కుల్లో 66 జీబీవి రెండు పొరలవి, 100 జీబీవి మూడు పొరలవి. ఎక్కువ పొరల డిస్కులకు గుర్తుగా బీడీఎక్స్ఎల్ అని రాసి ఉన్న మంచి డ్రైవ్‌లో లేజర్ వీటిని ముందే చదవగలదు. లోపలున్న ఫర్మ్‌వేరే గేటు దగ్గర వాచ్‌మన్‌లా నిలబడి "నువ్వెవరు, ఎందుకొచ్చావ్" అని ఆపుతుంది. మార్చిన ఫర్మ్‌వేర్‌తో ఆ వాచ్‌మన్ పక్కకు తప్పుకుంటాడు, డ్రైవ్ ఉన్నది ఉన్నట్టు చదివి ఇచ్చేస్తుంది. దీన్నే లిబ్రేడ్రైవ్ అంటారు. డిస్క్‌లోని సినిమాను ఫైల్‌గా హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించే మేక్‌ఎంకేవీ అనే సాఫ్ట్‌వేర్‌లో డ్రైవ్ పేరు మీద నొక్కితే అది ఆన్‌లో ఉందో లేదో, ఫర్మ్‌వేర్ మార్చాలో, అసలు కుదరదో కనిపిస్తుంది. పాత ఫర్మ్‌వేర్ ఉన్న కొన్ని డ్రైవులకు ఏ ఫ్లాషూ అక్కర్లేదు కాబట్టి ముందు అది చూసుకోండి.

ఈ దారిలోనూ లొసుగు లేకపోలేదు. డిస్క్‌లోని సినిమాకు డిజిటల్ తాళం ఉంటుంది. కొత్తగా విడుదలైన డిస్క్‌కు ఒక్కోసారి ఆ తాళంచెవి మేక్‌ఎంకేవీకి వెంటనే దొరకదు, కొన్నాళ్లు ఆగాలి. అంటే ఇక్కడా మొదట్లో చెవి మన జేబులో ఉండదు. కాకపోతే సినిమా ఒక్కసారి హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కిందంటే ఆ తర్వాత ప్రాసెసర్ ఏ తరమైనా, లైనక్స్ అయినా మ్యాక్ అయినా, అడిగేవాడు లేడు.

స్లిమ్ డ్రైవా, పెద్దదా అని కూడా అడుగుతుంటారు. పెద్దదే. నేను మొదట ల్యాప్‌టాప్‌కు తగిలించుకునే స్లిమ్ డ్రైవ్ కొన్నాను, చూడ్డానికి ముచ్చటగా ఉందని. 66 జీబీ డిస్కులు బాగానే చదివింది. మొదటి 100 జీబీ డిస్క్ పెట్టాక టక్... టక్... అంటూ మధ్యలో వేగం తగ్గడం, మళ్లీ తిరగడం, చివరికి రీడ్ ఎర్రర్. డిస్క్ తీసి వెలుతురుకు పెట్టి చూస్తే ఒక్క గీత లేదు. రెండు రోజులు తల పట్టుకున్నాక తెలిసింది, అసలు గొడవ కరెంటుదని. స్లిమ్ డ్రైవ్ బతికేది యూఎస్‌బీ ఇచ్చే 5 వోల్టుల మీదే. పాత యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది అర ఆంపియర్, యూఎస్‌బీ 3 ఇచ్చేది 0.9. పోర్టు మార్చి, పొడుగు కేబుల్ తీసేసి పొట్టిది పెట్టాక అదే డిస్క్ చదివింది. కానీ ప్రతి డిస్క్‌కూ ఈ టెన్షన్ ఎందుకు? పెద్ద డ్రైవ్‌కు 5 వోల్టులతో పాటు 12 వోల్టులు కూడా అందుతాయి. కేబినెట్‌లో సాటా కేబుల్‌కు తగిలించారా, నిశ్చింత. ల్యాప్‌టాప్ వాళ్లు సొంత అడాప్టర్ ఉన్న బయటి డబ్బాలో పెట్టుకోవచ్చు. 80 జీబీ సినిమా నాలుగు రెట్ల వేగంతో చదివితే గంటంబావు పడుతుంది. అంతసేపు నిలకడగా తిరగాలి కదా.

పెద్ద డ్రైవుల్లో ఎక్కువగా వినిపించే పేర్లు ఎల్‌జీ డబ్ల్యూహెచ్16ఎన్ఎస్40, ఎన్ఎస్60, అసుస్ బీడబ్ల్యూ-16డీ1హెచ్‌టీ. కొత్త ఫర్మ్‌వేర్‌తో వచ్చినవి పాత ఫర్మ్‌వేర్‌కు వెనక్కి వెళ్లనివ్వవు. వాటికి ముందు వెనక్కి దిగడానికి ఒప్పుకునే మధ్య ఫర్మ్‌వేర్ ఎక్కించి, తర్వాత అసలుది ఎక్కిస్తారు. పని రెండు మూడు నిమిషాలే. కానీ ఆ మూడు నిమిషాల్లో కరెంట్ పోతే డ్రైవ్ ఇటుకే. మా కాలనీలో వేసవి మధ్యాహ్నాలు కరెంట్‌ను నమ్మలేం కాబట్టి నేను రాత్రి పదకొండింటికి, యూపీఎస్ మీద పెట్టి, ఫ్యాన్ కూడా ఆపేసి కూర్చున్నాను. ఫ్యాన్‌కీ దానికీ సంబంధం లేదని తెలుసు, అయినా ఆపాను. పాత ఫర్మ్‌వేర్ కాపీ ముందే తీసి పెట్టుకున్నాను, మీరూ తీసుకోండి. ఫ్లాష్ చేశాక వారంటీ మీద ఆశ పెట్టుకోకండి.

మరి ప్లేయర్ పనికిరాదా? అలా అనను. సీన్ సీనుకూ వెలుతురు, రంగులు సర్దే డాల్బీ విజన్ ఉన్న డిస్కుల విషయంలో ప్లేయర్‌దే పైచేయి, కంప్యూటర్‌లో చాలాసార్లు దానికంటే సాదా రకమైన హెచ్‌డీఆర్10తో సరిపెట్టుకోవాలి. ఇంట్లో పెద్దవాళ్లకు రిమోట్ నొక్కితే మెనూ రావాలి, ఫైళ్లు వెతకడం వాళ్ల పని కాదు. కానీ ఓప్పో 2018లో, శాంసంగ్ 2019లో ప్లేయర్ల నుంచి తప్పుకున్నాయి, తర్వాత ఎల్‌జీ కూడా ఆపేసింది. పెద్ద పేర్లలో సోనీ, పానాసోనిక్ మిగిలాయి. అమెరికాలో కొంటే వెనక వోల్టేజ్ చూడమనండి. 120 వోల్టులు అని మాత్రమే ఉంటే మన 230 ప్లగ్గులో పెట్టిన క్షణమే కథ ముగుస్తుంది. పైగా అక్కడి ప్లేయర్ ఇక్కడి మామూలు బ్లూరేలను రీజియన్ పేరుతో వెనక్కి నెట్టొచ్చు.

గేమ్ కన్సోల్ ఇంట్లో ఉంటే డిస్క్ ట్రే ఉన్న పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ రెండూ ఆడతాయి, డాల్బీ విజన్ లేకుండా. దీనికోసమే కన్సోల్ కొనక్కర్లేదు.

చట్టం సంగతి కూడా అడుగుతారు. మన కాపీరైట్ చట్టానికి 2012 సవరణలో 65ఏ సెక్షన్ చేరింది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో డిజిటల్ తాళం పగలగొడితే రెండేళ్ల వరకు జైలు, జరిమానా అంటుంది. అమెరికా చట్టం ఇంకా కటువు. నేను కొన్న డిస్క్ నేను చూసుకోవడానికే ఇదంతా రాస్తున్నాను. కాపీ చేసి పంచిపెట్టే పనికి నన్ను సలహా అడగొద్దు.

కాబట్టి బావను పెద్ద డ్రైవే తెమ్మనండి. కొనేముందు డబ్బా మీది లేబుల్ ఫొటో తీసి పంపమనండి. మోడల్ పేరు పూర్తిగా, తయారైన నెల, ఫర్మ్‌వేర్ నంబర్ కనిపించాలి. ఆ ఫొటో చూశాకే "తీసేసుకో" అని చెప్పండి.