రాడ్డు బాగానే ఉంది, రింగులే తప్పు

మేడ మీద గదిలో వేసుకుందామని నాలుగు నెలల కిందట ఆన్‌లైన్‌లో బరువులెత్తే ఏడడుగుల రాడ్డు (బార్‌బెల్) తెప్పించాను. 20 కిలోలది, 8,200 రూపాయలు పడింది. మాది విజయనగరం, తోటపాలెం. అంత పొడుగు సరుకు ఇంటి దాకా తేలేమన్నారు, ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు నేనే వెళ్లి, ఆటో వెనక నుంచి మూరెడు బయటికొచ్చిన చివరకు ఎర్రగుడ్డ కట్టి తెచ్చుకున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ తప్పు ఏ కంపెనీ రాడ్డులోనైనా ఉండొచ్చు, కొనేవాళ్లు ఏం చూసుకోవాలో చెప్పడమే నాకు కావాలి.

ముందు బాగున్నవి. బరువు ప్లేట్లు ఎక్కించే చివరలు చక్కగా తిరుగుతున్నాయి, పట్టుకునేచోట చెక్కిన గరుకు కూడా చేతికి బాగా పడుతుంది, చెమట పట్టినా జారదు. పాత ఇనుప సామాన్ల కొట్టులో కాటా వేయిస్తే 19.6 కిలోలు తూగింది. అది పెద్ద తేడా కాదు.

అసలు సంగతి బెంచ్ ప్రెస్‌లో, అంటే బెంచ్ మీద వెల్లకిలా పడుకుని రాడ్డును ఛాతీ మీంచి పైకెత్తేటప్పుడు బయటపడింది. 60 కిలోలు వేస్తే ఎడమవైపు ముందు లేచేది, కుడివైపు వెనకబడేది. నా కుడిచెయ్యే బలహీనమనుకుని రెండు నెలలు దానికి విడిగా డంబెల్ కొట్టాను. ఏమీ మారలేదు. మేం ఇదివరకు వెళ్లిన జిమ్‌లో కొండవెలగాడ ఊరి అన్నయ్య ఒకాయన ఉండేవారు. అదే, 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్‌లో పతకం తెచ్చిన మత్స సంతోషి ఊరు. ఆయన్ని ఇంటికి పిలిచాను. నేను రెండుసార్లు ఎత్తేసరికి, "ఏటి తమ్ముడూ, చెయ్యి కాదు, రింగు చూడు. టేపు తే" అన్నారు.

రింగు అంటే గరుకు మధ్యలో నున్నగా కనబడే గీత, చెయ్యి ఎక్కడ వేయాలో అదే గుర్తు. పవర్‌లిఫ్టింగ్ (బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్ లాంటివి) రాడ్లకు రెండు గీతల మధ్య 81 సెంటీమీటర్లు, వెయిట్‌లిఫ్టింగ్ (స్నాచ్, క్లీన్ అండ్ జర్క్) రాడ్లకు 91. ప్లేట్లు ఆగే అంచుల మధ్య దూరం 131. నా రాడ్డు 81 రకం, అంటే ఆ అంచు నుంచి గీత దాకా రెండువైపులా 25 సెంటీమీటర్లు రావాలి. కుడివైపు 25 వచ్చింది. ఎడమవైపు 23. అంటే గీతలు చూసి చేతులు వేసిన ప్రతిసారీ నా ఎడమచెయ్యి రెండు సెంటీమీటర్లు బయటికి పోతోంది, బరువు మధ్యభాగం కుడిచేతి వైపు జరుగుతోంది. లెక్క వేస్తే 60 కిలోల్లో కుడిచెయ్యి దాదాపు కిలోన్నర ఎక్కువ మోస్తోంది. ప్రతి ఎత్తుకీ, రెండు నెలలు!

పట్టు వెడల్పు గురించి మన కుర్రాళ్లకు ఎవరూ సరిగ్గా చెప్పరు, అందుకే ఇంకాస్త రాస్తాను. బెంచ్ మీద చేతులు దూరంగా వేస్తే రాడ్డు ప్రయాణించే దూరం తగ్గుతుంది, ఛాతీకి పని పెరుగుతుంది, భుజం మీద ఒత్తిడి కూడా పెరుగుతుంది. దగ్గరగా వేస్తే దూరం పెరిగి ట్రైసెప్స్‌కి (జబ్బ వెనక కండకి) పని ఎక్కువ. పోటీల్లో రెండు చూపుడువేళ్ల మధ్య 81 దాటకూడదన్నది హద్దు మాత్రమే, అక్కడే పట్టుకోవాలని ఎక్కడా లేదు, కానీ పొట్టి చేతులవాళ్లు కూడా పక్కవాణ్ణి చూసి చూపుడువేలు గీత మీదే పెడుతున్నారు. రాడ్డు ఛాతీని తాకినప్పుడు ముంజేతులు నిటారుగా ఉండాలి, మీ వెడల్పు అదే. నాకు చిటికెనవేలు గీత మీదికి వస్తే సరిపోతుంది. నేల మీది రాడ్డును నిలబడి తొడల దాకా లేపే డెడ్‌లిఫ్ట్‌కైతే కాళ్లకు ఆనుకుని బయట, చేతులు తిన్నగా వేలాడేట్టు పట్టుకోవాలి. వెడల్పు పెంచితే చేతులు పొట్టయినట్టే, ఇంకా కిందికి వంగాల్సి వస్తుంది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మన ఆమదాలవలస కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో (నేల మీంచి ఒకే ఊపులో తలపైకి) 110 కిలోలు, క్లీన్ అండ్ జర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి) 130 ఎత్తారు కదా, ఆ వీడియో చూడండి. స్నాచ్‌కి చేతులు బాగా దూరంగా ఉంటాయి, ఎందుకంటే అప్పుడు రాడ్డును అంత ఎత్తుకు లేపక్కర్లేదు. రెండోదానికి భుజాల పక్కనే, రాడ్డు భుజాల మీద ఆనాలి కాబట్టి.

కంపెనీకి టేపు పెట్టి తీసిన ఫొటోలు పంపాను. ముందు "డిజైన్ అంతే సార్" అన్నారు. మళ్లీ అడిగితే రవాణా ఖర్చు నాదేనట, వాళ్లకు చేరాక చూస్తారట. ఆ మాట నాకు చాలా బాధ కలిగించింది. గీత తప్పు పడటం కంటే, తప్పని తెలిశాక కూడా అలా మాట్లాడటం.

ఐదుకు రెండు ఇస్తున్నాను, ఆ రెండూ గరుకుకీ, తిరిగే చివరలకీ. కొనేవాళ్లు పార్సిల్ విప్పిన రోజే రెండువైపులా టేపు పెట్టండి, వాపసు గడువు దాటకముందే. నేను మాత్రం రాడ్డు పంపలేదు. పాత గీతను వదిలేసి, ఎడమవైపు కూడా అంచు నుంచి 25 దగ్గర ఎర్ర ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు చుట్టాను. నిన్న 60 వేస్తే రెండువైపులా ఒకేసారి లేచింది.